కాపురం ఉంటూనే ఫ్లాటు బాగుచేసుకోవడం: హనుమకొండ నుంచి ఒక చెమ్మ గోడ కేసు

పాత ఫ్లాటులో కాపురం ఉంటూనే, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో గదిని సొంతంగా బాగుచేసుకునే కుటుంబాలు నా దగ్గరికి తరచు వస్తుంటాయి. నేను సివిల్ ఇంజనీరుని. కొత్త కట్టడాలకన్నా పాత ఇళ్ల మరమ్మతులే ఎక్కువ చూస్తాను. మా వృత్తిలో చాలామందికి ఈ పద్ధతి నచ్చదు. ఇల్లు ఖాళీ చేసి మొత్తం ఒకేసారి చేయించుకోండి అంటారు. నేను ఆ మాట అనను. బయట అద్దె, సామాన్ల తరలింపు, అప్పు మీద వడ్డీ అన్నీ కలిపి చూస్తే, నెల జీతం మీద నడిచే ఇంటికి గది తర్వాత గది చేసుకోవడమే సరైన దారి అని నా నమ్మకం. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. రంగు, టైల్సు, అల్మారాలు ఒక గదికి లోబడి ఉంటాయి. నీళ్లు, కరెంటు, నేల వాటం అలా ఉండవు. ఆ చిక్కు ఎక్కడ ముడిపడిందో, ఎలా విడిందో ఈ కేసు స్పష్టంగా చూపిస్తుంది కాబట్టే రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

హనుమకొండలో 2000 తర్వాతి తొలి ఏళ్లలో కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. అందులో మధ్య అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటు. స్తంభాలు, దూలాలతో కట్టిన ఫ్రేము కట్టడం. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు. రెండు బాత్రూములూ పక్కపక్కనే, ఒకే డక్టు (పైపులు దిగడానికి వదిలిన నిలువు ఖాళీ) మీద ఉన్నాయి. నీటి పైపులు పాత జీఐ పైపులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు. అప్పు చేయకూడదని ముందే నిర్ణయించుకున్నారు.

యజమానికి చేతిపని మీద నిజమైన ఇష్టం ఉంది. డ్రిల్లు, గ్రైండరు, తాపీ, లప్పం పలకలు, మట్టం చూసే పరికరం ఒక్కొక్కటిగా కొనుక్కున్నారు. నేను వెళ్లేసరికి పిల్లల గది పూర్తయింది. ఆ గదిని చాలాసేపు చూశాను. గోడ మూలలు సూటిగా ఉన్నాయి, కిటికీ చట్రం చుట్టూ రంగు గీత గీసినట్లు ఉంది, తలుపు నేలకు రాసుకోకుండా అడుగున చక్కగా చిత్రిక పట్టి ఉంది. చదరపు అడుగు లెక్కన డబ్బు తీసుకునే పనివాడు అంత ఓపికగా చేయడు, చేస్తే అతనికి గిట్టదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన వైఫల్యాలు చేతి నైపుణ్యం లేక వచ్చినవి కావు.

వచ్చిన సమస్య

పెద్ద పడక గదికి, దానికి ఆనుకుని ఉన్న బాత్రూముకి మధ్య గోడ. పడక గది వైపు నేల నుంచి దాదాపు రెండున్నర అడుగుల ఎత్తు వరకు చెమ్మ. రంగు బుడగలు కట్టి, లప్పం పొడిగా రాలుతోంది. గోడ మీద తెల్లటి ఉప్పు పట్టింది. యజమాని రెండు వేసవులు వరుసగా ఆ భాగం గీకి, లప్పం పెట్టి, రంగు వేశారు. రెండోసారి చెమ్మను ఆపుతుందని దుకాణంలో చెప్పిన ఖరీదైన పూత కూడా వేశారు. వర్షాకాలం ముగిసేలోపే పెచ్చులు మళ్లీ ఊడాయి, ఈసారి చెమ్మ గీత మరో నాలుగు వేళ్లు పైకి ఎక్కింది.

ఆ పూత వల్లే గీత పైకి ఎక్కింది. గోడలోకి చేరిన నీరు ఎక్కడో ఒకచోట ఆవిరి కావాలి. ముందువైపు ఆ దారి మూసేస్తే, పూత ముగిసే చోటు దాకా ఎక్కి అక్కడ బయటపడుతుంది. నీటి మూలాన్ని ఆపకుండా గోడకు తొడిగే ఏ కవచమైనా ఇంతే. ఈమధ్య మన ఊళ్లలో చెమ్మ గోడల మీద పీవీసీ షీట్లు బిగించడం బాగా అలవాటైంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, వెనక బూజు పెరుగుతుంది, ఇటుకల మధ్య మాలు గుల్లబారుతుంది. ఆ గదిలో పడుకునేవాళ్లు ఆ గాలే పీలుస్తారు. ఈ కుటుంబానికి కూడా ఒకరు షీట్ల అంచనా రాసిచ్చారు. వద్దని గట్టిగా చెప్పాను.

ఇంకో విషయం వాళ్లు మాటల మధ్యలో యథాలాపంగా చెప్పారు. ఆ గోడ మీదున్న ప్లగ్గు బోర్డు ముట్టుకుంటే అప్పుడప్పుడు చిన్నగా జిల్లుమంటోందట. యజమాని భార్య కొన్ని నెలలుగా ఫోను ఛార్జరు వేరే గదిలో పెట్టుకుంటున్నారు.

ముందు కరెంటు

నన్ను పిలిచింది చెమ్మ కోసం. కానీ మొదటి నిర్ణయం కరెంటు గురించే తీసుకోవాల్సి వచ్చింది. తడి గోడలో ఇనుప పెట్టె, దానికి ఎర్తు తీగ కలపలేదు, లోపల ఇరవై ఏళ్ల నాటి తీగలు. పైగా మెయిన్ బోర్డులో పాత ఫ్యూజులే తప్ప ఆర్‌సీసీబీ (కరెంటు పక్కకు కారితే వెంటనే లైను కట్టేసే స్విచ్చు) లేదు. ఇలాంటి చోట గోడ గీకడానికైనా చేయి పెట్టకూడదు. ఆ గదికి వెళ్లే లైనును ఆ రోజే ఆపించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాడొద్దని చెప్పాను.

యజమాని ఆ పని తానే చేయగలనన్నారు. తీగలు కలపడం ఆయనకు వచ్చు కూడా. నేను ఒప్పుకోలేదు. లప్పం తప్పితే గోడ మీద కనిపిస్తుంది, గీకి మళ్లీ పెట్టుకోవచ్చు. తీగ బిగింపు వదులుగా ఉంటే అది గోడలో దాక్కుంటుంది, వేడెక్కాకే బయటపడుతుంది. ఎలక్ట్రీషియన్ మెగ్గరుతో (తీగ పై పొర పనితనం కొలిచే పరికరం) పరీక్షిస్తే, తడిసిన పైపులో తీగ పై పొర దెబ్బతిన్నట్లు తేలింది.

ఇక్కడే గది హద్దు మొదటిసారి చెరిగిపోయింది. పడక గది ప్లగ్గులు, బాత్రూము గీజరు ఒకే లైను మీద ఉన్నాయి. ఆ లైనులో 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉంది. పైగా ఆ గదిలో ఏసీ పెట్టాలన్నది వాళ్ల ఆలోచన. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 8, ఇస్త్రీ పెట్టె మరో 4. మొత్తం 20 దాటుతుంది. ఆ తీగ మీద 15కు మించి మోపకూడదు. కాబట్టి పడక గదికి మాత్రమే కొత్త తీగ లాగితే సరిపోదు. మెయిన్ బోర్డు దగ్గరే మొదలుపెట్టి గీజరుకొకటి, ఏసీకొకటి 4 చదరపు మిల్లీమీటర్ల విడి లైన్లు, ప్లగ్గులకు 2.5, లైట్లకు 1.5 అని ఇల్లంతటికీ ఒకే పటం గీశాం. బోర్డు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ముందే పెట్టించాం. తీగలు మాత్రం ఏ గది పని మొదలైతే ఆ గదికి అప్పుడే లాగాలని అనుకున్నాం. ఖర్చు విడతలుగా పడింది, పటం ఒకటే ఉంది.

గోడలో తీగల పైపు దాచడానికి గాడి కొట్టడం యజమాని పని. దానికి రెండు షరతులు పెట్టాను. గాడి నిలువుగానే ఉండాలి, నాలుగున్నర అంగుళాల గోడలో దాని లోతు మందంలో మూడో వంతు దాటకూడదు. స్తంభానికి, దూలానికి గ్రైండరు అసలు తగలకూడదు. స్తంభంలో కడ్డీల మీద కప్పుగా ఉండే కాంక్రీటు 40 మిల్లీమీటర్లే. ఒక్క గాడితో అది పోతుంది. అక్కడి నుంచి కడ్డీకి తుప్పు మొదలవుతుంది.

నీళ్లు ఎక్కడివి?

చెమ్మ గోడ చూడగానే బాత్రూము పగలగొట్టమనడం తేలిక. కానీ నీరు నాలుగు దారుల్లో రావచ్చు: పై ఇంటి నుంచి, బయటి గోడ నుంచి, గోడలో దాగిన నీటి పైపు నుంచి, బాత్రూము నేల నుంచి. ఒక్కోదానికి మందు వేరు, ఖర్చు వేరు. తప్పుగా ఊహిస్తే పగలగొట్టిన ఖర్చు తిరిగి రాదు.

పై ఇంటిని తేలిగ్గానే పక్కన పెట్టాం. చెమ్మ నేల దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉంది. కప్పు పొడిగా ఉంది. బయటి గోడ సంగతి తేల్చడానికి మన వాతావరణమే సాయం చేసింది. ఇక్కడ వానలన్నీ దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తాయి. ఎండాకాలంలో గాలి ఎంత పొడిగా ఉంటుందో మనకు తెలుసు. ఈ గోడ ఏప్రిల్‌లోనూ తడిగానే ఉండేదని ఆవిడ స్పష్టంగా చెప్పారు. వానాకాలంలో పెచ్చులు ఎక్కువగా ఊడటానికి కారణం వేరు: గాలిలో తేమ ఉన్నప్పుడు గోడ ఆరదు.

మిగిలినవి రెండు, నీటి పైపు లేదా బాత్రూము నేల. వీటిని విడదీయడానికి చెమ్మ గీత వెంట పెన్సిలుతో గీసి పక్కన తేదీ వేయమన్నాను. అందరికీ చెబుతాను, కొందరే చేస్తారు. వీళ్లు వదలకుండా చేశారు. కొన్ని వారాల పాటు గీత కదల్లేదు. తర్వాత ఫిబ్రవరిలో కుటుంబమంతా మేడారం జాతరకు వెళ్లి, అటునుంచి అటే ఊళ్లో బంధువుల దగ్గర ఉండి వచ్చారు. వచ్చాక ఆవిడ ఫోను చేసి, "సార్, గీత దిగింది. పైన మూడు వేళ్ల మేర గోడ ఆరింది, కింద మాత్రం తడి అలాగే ఉంది" అన్నారు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: వెళ్లేటప్పుడు గేటు వాల్వు కట్టేశారా? కట్టలేదు. ఆ జవాబులోనే సగం విషయం తేలిపోయింది. వాల్వు తెరిచే ఉంది కాబట్టి గోడలోని పైపులో పైనున్న ట్యాంకు ఒత్తిడి పగలూ రాత్రీ ఉంది. పైపు కారుతుంటే ఇంట్లో మనుషులు లేకపోయినా గోడ తడుస్తూనే ఉండాలి. గీత దిగిందంటే నీరు వాడకంతో వస్తోంది, అంటే స్నానపు నీరు. ఇక కింద తడి అలాగే ఉండటం రెండో విషయం చెప్పింది: ఎక్కడో నీరు నిలవ ఉంది.

ఆ కాలపు ఫ్లాట్లలో బాత్రూము స్లాబును మిగతా నేల కన్నా ఒక అడుగు లోతుగా పోసేవారు. కమోడు, నహానీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ కింది గిన్నె) పైపులు ఆ గుంతలో పరిచి, పైన ఇటుక ముక్కలు, రద్దు (పగిలిన కట్టడపు చెత్త) నింపి, టైల్సు వేసేవారు. టైల్సు సందుల్లోంచి దిగిన నీరు ఆ నింపుడులో చేరితే బయటికి దారి ఉండదు. గుంత చిన్న చెరువవుతుంది, పక్కనున్న ఇటుక గోడ దాన్ని ఒత్తిలా పైకి పీల్చుకుంటుంది. యజమాని అంతకుముందే టైల్సు సందులన్నీ గీకి కొత్త గ్రౌటు నింపారు. పని బాగా చేశారు, ఫలితం కనబడలేదు. పై నుంచి నీరు తగ్గినా గుంతలో ఉన్నది ఎక్కడికి పోతుంది?

కింది ఇంటివాళ్లను అడిగి వాళ్ల బాత్రూము కప్పు చూశాం. పైపు స్లాబు దాటే చోట చుట్టూ తెల్లటి ఉప్పు వేలాడుతోంది. వాళ్లు చాలాకాలంగా చూస్తూ కూడా, ఇరుగుపొరుగు మధ్య మాట పెరుగుతుందని ఊరుకున్నారట. మన అపార్ట్‌మెంట్లలో ఈ మొహమాటం వల్ల పోయే కాంక్రీటుకు లెక్కలేదు. కప్పులో తడి చూస్తే పై ఇంటికి ఆ వారమే చెప్పాలి. అది ఫిర్యాదు కాదు, సాయం.

చివరగా రంగు నీళ్ల పరీక్ష. ముందు నహానీ ట్రాప్ గుడ్డతో బిగించి, నేల మీద ఒక రంగు నీళ్లు నిలబెట్టాం. తర్వాత ట్రాప్ తెరిచి మరో రంగు నీళ్లు నేరుగా అందులోనే పోశాం. రెండో రంగు కింది కప్పులో కనబడింది. మొదటిది కనబడలేదు. అయినా నేలను నిర్దోషిగా వదల్లేదు. రద్దులోంచి, కాంక్రీటులోంచి దిగేటప్పుడు రంగు వడకట్టుకుపోతుంది. రంగు కనబడితే లీకు ఉన్నట్లే. కనబడకపోతే ఏమీ తేలనట్లు.

మూడు దారులు, ఒక నిర్ణయం

పైపైన టైల్సు సందుల్లో ఎపాక్సీ గ్రౌటు (నీరు పీల్చని రెసిన్ మాలు) నింపడం మొదటి దారి. పాత టైల్సు మీదే నీరు దిగని పూత వేసి, కొత్త టైల్సు అంటించడం రెండోది. గుంత దాకా తవ్వి అన్నీ కొత్తగా చేయడం మూడోది. రెండోది చాలామందికి నచ్చుతుంది. రద్దు రాదు, వారంలో అయిపోతుంది. ట్రాప్ జాయింటు బాగుండి, నింపుడు పొడిగా ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇక్కడ నింపుడు నిండా నీరు, జాయింటు కారుతోంది, జీఐ పైపులకు తుప్పు. పై పొర ఎంత బాగా వేసినా ఈ మూడూ లోపలే ఉంటాయి. అందుకే మూడోదే తీసుకున్నాం. రెండో బాత్రూములో చెమ్మ లేదు కాబట్టి దానికి మొదటి దారి చాలన్నాను. పక్కపక్క గదులైనంత మాత్రాన ఒకే చికిత్స చేయనక్కర్లేదు. పైగా ఒక బాత్రూము నడుస్తుంటేనే కుటుంబం ఇంట్లో ఉండగలదు.

నిలువు డ్రైనేజీ పైపు, డక్టు అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి అపార్ట్‌మెంటు సంఘానికి ముందే ఉత్తరం రాసి ఒప్పుకోలు తీసుకున్నారు. రద్దు సంచుల్లో నింపి మెట్ల మీదుగా దించాలి, లిఫ్టు వాడకూడదు, మధ్యాహ్నం నిద్ర వేళ సుత్తి ఆపాలి. ఇవన్నీ కాగితం మీద పెట్టుకోవడం వల్ల తర్వాత ఒక్క మాట పట్టింపు కూడా రాలేదు.

బాత్రూము తెరిచాక

పని ఏప్రిల్ చివర మొదలైంది. మన మే నెల ఎండ ఇలాంటి పనికి వరం. పెద్ద బ్రేకరు వద్దని, ఉలి సుత్తితోనే తవ్వించాను. గుంత స్లాబు పలుచన, దానికి బీట పడితే ఇంకో రోగం మొదలవుతుంది. టైల్సు లేవగానే మురుగు వాసన, అడుగున నల్లటి నీరు. ట్రాప్ పైపు స్లాబు దాటే చోట చుట్టూ కాంక్రీటు గుల్లగా ఉంది. కట్టినప్పుడు రంధ్రం పెట్టి, పైపు దింపి, ఉత్త సిమెంటు మాలు కుక్కి వదిలేశారు.

శుభ్రం చేసి ఎండబెట్టి, పైపు చుట్టూ కుంచించుకుపోని గ్రౌటు పోయించాం. మూలలన్నీ గుండ్రంగా తిప్పించాం, ఎందుకంటే పూత లంబకోణంలో ముందుగా చిట్లుతుంది. పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండు చేతులు, మొదటిది నిలువు, రెండోది అడ్డం. గుంత అడుగున డక్టులోకి ఒక చిన్న పైపు పెట్టించాను. ఎప్పుడైనా మళ్లీ నీరు దిగినా నిలవకుండా అటు పోతుంది, డక్టులో చుక్కలు కనబడితే తెలిసిపోతుంది. ఈ చిన్న పైపు లేకపోవడమే ఈ ఇంటి అసలు లోపమని నా అభిప్రాయం.

తర్వాత నీళ్లు నిలబెట్టే పరీక్ష. 48 గంటలు నిలబెట్టి గీత చూడాలి. మర్నాటికే మట్టం తగ్గింది. మేస్త్రీ అనుభవజ్ఞుడే, "ఎండకు ఇగిరింది సార్, టైల్సు మొదలుపెడదాం" అన్నాడు. మే నెలలో ఆ మాట కొట్టిపారేయలేం. అందుకే ముందే వెడల్పాటి తొట్టి ఒకటి నీళ్లతో నింపి, గీత పెట్టి, అదే గదిలో ఉంచాం. ఎండకు ఇగిరేది రెంటిలో ఒకేలా ఇగరాలి. తొట్టిలో గీత కాస్త దిగింది, గుంతలో దానికి రెట్టింపు పైగా దిగింది. కింది కప్పులో పైపు పక్కన వేలికి చల్లగా తడి తగిలింది. పరీక్ష తప్పింది.

మేస్త్రీ మీద నాకు కోపం లేదు. అతని కూలీ చదరపు అడుగుకు, ఆగిన రోజు అతనికి నష్టం. అందుకే పరీక్ష రోజులకు కూడా కూలీ ఇచ్చేలా ముందే మాట్లాడుకోవాలని అప్పటి నుంచి ప్రతి కేసులోనూ చెబుతున్నాను. లోపం పైపు పైభాగంలో కొత్త గ్రౌటుకు, పైపుకు మధ్య దొరికింది. పైపు నున్నగా ఉండి మాలు పట్టలేదు. గరుకు చేసి, కాలరు బిగించి, ఆ చోటు మళ్లీ పూసి, పూర్తిగా ఆరాక పరీక్ష పెడితే రెండు గీతలూ సమానంగా నిలిచాయి. నీటి పైపులన్నీ సీపీవీసీవి (తుప్పు పట్టని ప్లాస్టిక్‌వి) వేసి, మూసేముందు ఒత్తిడి పెట్టి చూశాం. అప్పుడు గుంత నింపి, పైన మరో పూత వేసి, దానిమీద రెండోసారి నీళ్లు నిలబెట్టాకే టైల్సు. వాటం 80కి 1, అంటే అయిదు అడుగుల గదికి ముప్పావు అంగుళం. టైల్సు అంటించింది మేస్త్రీ, సందులు నింపింది యజమాని. నీటి గీతలు చూసి, ఫొటోలు తీసి, తేదీలు రాసింది కూడా ఆయనే. ఆ గీతల కాపలా డబ్బిచ్చినా ఎవరూ అంత శ్రద్ధగా చేయరు.

ఆరనివ్వడం

బాత్రూము పూర్తయ్యాక పడక గది గోడ మీదికి వచ్చాం. చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా గిలాబు తీసేయించాను. ఇటుక మీది ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత చేయాల్సిన పని, ఏమీ చేయకుండా ఉండటం. ఇది అందరికన్నా ఆవిడకు కష్టమైంది. ఇంట్లో శుభకార్యం దగ్గరపడుతోంది, చుట్టాలు వస్తారు, పడక గదిలో ఎర్ర ఇటుక గోడ. "పైపైన ఒక చేయి రంగు వేసి, ఫంక్షన్ అయ్యాక తీసేద్దామా సార్?" అని అడిగారు. ఆ బాధ నాకు అర్థమైంది. కానీ కప్పిన గోడ ఆరదు, మొదటికి వస్తాం. గోడకు జానెడు దూరంలో పరదా కట్టుకోమన్నాను, గాలి ఆడుతుంది, కంటికి కనబడదు. అలాగే చేశారు.

గోడ ఆరిందో లేదో చేతితో తెలియదు. ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. గోడ వైపు నీటి బిందువులు కడితే ఇంకా తడి ఉన్నట్లు. మొదట కట్టాయి, మళ్లీ కొన్ని వారాలు ఆగాం. జూన్ వానలు మొదలైనా బిందువులు కట్టకపోయేసరికి అప్పుడు 1:4 మాలుతో (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక) గిలాబు, వారం రోజులు తడపడం, నాలుగు వారాలు ఆరబెట్టడం, ఆ పైన ప్రైమరు, లప్పం, రంగు. ఈ చివరి మూడూ యజమాని చేతి పనే.

మిగతా గదులు

వంటగదిలో పెద్ద విశేషం లేదు. గట్టు అలాగే ఉంచి, సింకు కింద పైపులు, ప్లగ్గులు మార్చుకున్నారు. హాలుకు, వంటగదికి మధ్య గోడ తీసేయాలన్న కోరిక మాత్రం ఆగిపోయింది. అది మోసే గోడ కాదు కానీ, అందులోంచే పై ఇంటికి వెళ్లే పైపు ఉంది.

హాలు నేల గురించి ఎక్కువ మాట్లాడుకున్నాం. కరీంనగర్ గ్రానైట్ దగ్గరలోనే దొరుకుతుంది, ఎవరికైనా మనసు పోతుంది. పాత టైల్సు మీదే పరిపించుకోవాలనుకున్నారు. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు. కింద 40 మిల్లీమీటర్ల మాలు మరో 80 కిలోల పైచిలుకు. స్లాబు డిజైన్లలో నేల పరుపు మొత్తానికి సాధారణంగా పెట్టుకునే బరువు చదరపు మీటరుకు 100 కిలోలు. పాత టైల్సు, వాటి కింది మాలు దాన్ని ఇప్పటికే దాదాపు వాడేసుకున్నాయి. వాటి మీద ఇంకో 135 కిలోలు మోపడానికి నేను సంతకం పెట్టను. పాతది తీసేసి గ్రానైట్ వేయాలి, లేదా పాతదాని మీద పలుచటి టైల్సును జిగురుతో అంటించాలి, ఇది 30 కిలోల దగ్గర తేలిపోతుంది. రెండో దానికి ముందు ప్రతి పాత టైలును చెక్కతో తట్టి చూసి, బోలుగా మోగినవి తీసేయాలి. తలుపుల అడుగు ఎంత చిత్రిక పట్టాలో కొలవాలి. హాలు ఎత్తు పెరిగితే పక్క గదుల గడపల లెక్క మారుతుంది కాబట్టి, నేల పని హాలుతో మొదలుపెట్టకూడదు. బాత్రూము గడప దగ్గర ఆఖరి మట్టం తేలాకే అది.

ఈ కేసు వల్ల నా పద్ధతిలో మారినవి

గది గదిగా చేసుకునే వాళ్లకు ఇప్పుడు ముందుగా ఇల్లంతటికీ మూడు పటాలు గీసిస్తున్నాను: నీళ్లు, కరెంటు, నేల మట్టాలు. ఖర్చు చేయాల్సిన పని కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే అవుతుంది. ఆ తర్వాత ఏ గది ముందు, ఏది వెనక అన్నది వాళ్ల జేబు, వాళ్ల సౌకర్యం. వరుస మాత్రం తడి గదుల నుంచి పొడి గదులకు సాగాలి. ఈ ఇంట్లో పిల్లల గది ముందు పూర్తయినందువల్ల, తర్వాత కొత్త లైను లాగడానికి ఆ చక్కటి గోడను ఒకచోట కోయాల్సి వచ్చింది.

సొంతంగా ఏది చేసుకోవచ్చు అన్న ప్రశ్నకు కూడా జవాబు మార్చుకున్నాను. ఇదివరకు తేలిక పనులు మీవి, కష్టమైనవి మేస్త్రీవి అని చెప్పేవాళ్లం. ఇప్పుడు, తప్పు జరిగితే కంటికి కనబడుతుందా, మళ్లీ చేసుకోగలమా అని చూడమంటున్నాను. రంగు, లప్పం, గ్రౌటు, పాత గిలాబు తీయడం కష్టమైనా సొంతంగా చేసుకోదగ్గవి. తీగ బిగింపు, గుంతలో పైపు జాయింటు చూడటానికి తేలికే, కానీ టైల్సు కింద పడ్డాక ఎవరికీ కనబడవు. అవి పనివాళ్లు చేయాలి, ఇంటివాళ్లు పరీక్షించాలి. పరీక్షకు నైపుణ్యం కన్నా ఓపిక కావాలి, అది సొంత ఇంటివాళ్లకే ఉంటుంది.

మూసేసే ప్రతి గోడనూ, ప్రతి గుంతనూ కొలత టేపు పక్కన పెట్టి ఫొటో తీయించాను. ఆ ఫొటోలు, మూడు పటాలు, పరీక్షల తేదీలు కలిపి ఒక ఫైలు చేశారు. దాని నకలు కింది ఇంటివాళ్లకూ, సంఘానికీ ఇచ్చారు. అది చూసి ఆ బ్లాకులో మరో ఇద్దరు తమ డక్టు వైపు గోడలు చూపించుకున్నారు.

మొదటి వానాకాలం అంతా పడక గది గోడ పొడిగా ఉంది. పెన్సిలు గీతను రంగు వేసే ముందు గోడ పక్కన తలుపు చట్రం మీదికి గుర్తుగా మార్చుకున్నారు, నెలకోసారి ప్లాస్టిక్ కాగితం పరీక్ష, ఆర్‌సీసీబీ మీది టెస్టు బటను నొక్కడం ఒకే రోజు పెట్టుకున్నారు. కింది కప్పులో పైపు చుట్టూ గీకి సున్నం వేశాం, ఉప్పు తిరిగి రాలేదు. రెండో బాత్రూముకు ఎపాక్సీ గ్రౌటు అయింది, దాని జీఐ పైపులు ఇంకా పాతవే. వాటిని వచ్చే వేసవిలో మార్చాలి, హాలు నేల ఆ తర్వాత. గ్రానైటా, టైల్సా అన్నది వాళ్లింకా తేల్చుకోలేదు.